మంగళవారం అక్క ఉండదు

మొదటి కార్డు అయిపోయింది. రెండోది తిప్పి మేకుకి తగిలించాడు చిన్నోడు. "పొయ్యి మీద నీళ్ళు పెట్టు. ఒక్క గ్లాసే" అని ఉంది దాని మీద, అక్క ఒత్తి ఒత్తి రాసిన నల్లటి అక్షరాల్లో. ఉన్న పదిహేను కార్డుల్లో పదమూడు అతనికి కంఠతా వచ్చు. అయినా చదివాడు. చదివి, గ్లాసుతో కొలిచి గిన్నెలో నీళ్ళు పోశాడు. రెండో గ్లాసు అల్మరాలో బోర్లించి ఉంది. దాన్ని తియ్యలేదు. మంగళవారం అక్క ఉండదు.

ఉండదంటే, ఉంటుంది. హాల్లో కిటికీ దగ్గర, ఎత్తు వీపు కుర్చీలో, గదివైపు తిరక్కుండా కూర్చునుంటుంది. వంటింటి గుమ్మంలోంచి చూస్తే నెరిసిన ముడి, బూడిదరంగు శాలువా అంచు, ఒక మోచెయ్యి కనిపిస్తాయి. కానీ ఆ రోజుకి ఆమె లేనట్టే లెక్క. పలకరించకూడదు, ముట్టుకోకూడదు. సాయంత్రం ఆరింటికి అలారం మోగగానే కుర్చీలోంచి "వచ్చేశానురా చిన్నోడా" అంటుంది. అప్పట్నుంచి మళ్ళీ ఉంటుంది. ఈ నియమాలన్నీ ఆమే పెట్టింది, ఏడాదిన్నర కిందట, గుండె డాక్టరు ఆమె కాగితాలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాక.

యాభై ఏళ్ళు నిండవస్తున్న మనిషిని చిన్నోడని పిలవడమేమిటని అడిగినవాళ్ళున్నారు. అక్క కంటే పదకొండేళ్ళు చిన్న, అదీ సంగతి. పొడుగ్గా ఉంటాడు, కాస్త వంగి, మునివేళ్ళ మీద అడుగులేస్తూ నడుస్తాడు. వేడి గుడ్డలు పట్టీ పట్టీ అరచేతులు ఎర్రబడిపోయాయి. ఎదుటి మనిషి కళ్ళలోకి చూడడు, చెవి పక్కనెక్కడో చూస్తూ మాట్లాడతాడు. ఆ మాటలైనా రోజు మొత్తం మీద పట్టుమని పాతిక ఉండవు.

టీ మరిగేలోపు ఇంట్లో శబ్దాలు లెక్కపెట్టడం అతని అలవాటు. మనకి నిశ్శబ్దంగా తోచే ఇల్లు అతనికి సంతే. ఫ్రిజ్ గురక, ట్యూబులైటు జుమ్మనడం, గోడ గడియారం, గ్యాసు మంట, గొట్టంలో నీళ్ళు, కిటికీ రెక్క కిర్రుమనడం, లిఫ్టు తాడు, పైవాటా వాళ్ళ చెప్పులు. ఇవి ఎనిమిది. తొమ్మిదోది అక్క ఊపిరి. చివర్లో సన్నగా ఈల వేస్తుంది.

ఈవేళ ఎనిమిదే వచ్చాయి.

మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. ఎనిమిదే. టీ పొంగి పొయ్యి మీద పడింది. మంట ఆర్పి, గుడ్డతో తుడిచి, కాసేపు ఆ గుడ్డ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

అక్క ఈవేళ చాలా బాగా చేస్తోంది, అనుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఇంతకుముందు మంగళవారాలన్నీ ఆమె దొంగాట ఆడినవే. లేని మనిషి దగ్గకూడదు కదా, దగ్గేది. శాలువా కింద బిస్కట్ల పొట్లం దాచుకుని చప్పుడు కాకుండా నమిలాననుకునేది, అతనికి ప్రతి బిస్కటూ వినబడేది. ఒకసారి అతను గ్యాసు కట్టకుండా చెప్పులు వేసుకుంటుంటే కుర్చీలోంచి "ఉహూఁ" అని పెద్దగా వినిపించింది. "మంగళవారం మాట్లాడకూడదు" అన్నాడతను. ఆ రోజు వాళ్ళక్క నవ్వు ఆపుకోలేక ఆయాసపడి నానా హైరానా పడింది. ఈవేళ దగ్గు లేదు, బిస్కటు లేదు. కుర్చీ పక్కన చిన్నబల్ల మీద దీపం మాత్రం వెలుగుతోంది. బయట ఎండ వచ్చేసినా వెలుగుతూనే ఉంది.

మూడో కార్డు రొట్టె, గుడ్డు. తిన్నాడు. నాలుగో కార్డు దగ్గర చిక్కొచ్చిపడింది.

"కుర్చీ చేతి మీద కొత్త చొక్కా ఉంటుంది. వేసుకో" అని రాసి ఉంది. ఇది పాత కార్డు కాదు, ఈ వారానికని నిన్ననే రాసింది. కుర్చీ చేతి మీద చొక్కా లేదు. పక్కనుంచి మొహం చూడకుండా మెడ సాచి చూశాడు. చొక్కా అక్క ఒళ్ళో ఉంది. లేత నీలం. మెడ పట్టీ దగ్గర లేబులు సగం ఊడి వేలాడుతోంది. ఆమె వేళ్ళ మధ్య దారాల కత్తెర ఉంది.

లేబుళ్ళ గురించి చెప్పాలి. మెడ వెనక లేబులుంటే అతనికి అక్కడ తేలు పాకుతున్నట్టుంటుంది. చిన్నప్పుడు బడిలో చొక్కా విప్పి పారేసి, పొగరని పంతులు చేత వాతలు తేలేలా దెబ్బలు తిన్నాడు. సంగతి కనిపెట్టింది అప్పటికి పదిహేడేళ్ళున్న అక్క ఒక్కతే. కుట్టుపని నేర్చుకుంటోంది కాబట్టి ఆమెకి తెలుసు, లేబుల్ని కత్తిరిస్తే మొండి అంచు గుచ్చుకుంటుందని, ఒక్కొక్క కుట్టే విప్పాలని. ఆనాటి నుంచీ లేబులున్న చొక్కా అతని ఒంటి మీదికి రాలేదు. అదెలా చేస్తుందో అతనెప్పుడూ చూడలేదు. చేతికి వచ్చేసరికి లేబులుండదు, అంతే.

చొక్కా తీసుకోవాలంటే అక్కని ముట్టుకోవాలి. ముట్టుకోకూడదు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళనీ ఒక్కొక్కటిగా నొక్కుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి పాత చొక్కానే వేసుకున్నాడు. నాలుగో కార్డు చెయ్యకుండానే తిప్పేశాడు. ఏడాదిన్నరలో ఒక కార్డు తప్పడం ఇదే మొదలు, అదీ సరిగ్గా ఈ రోజునే.

ఈ రోజు సంగతేమిటంటే, సాయంత్రం అయిదింటికి సంక్షేమ ఆఫీసు నుంచి అధికారిణి వస్తోంది. చిన్నోడు తన ఇంట్లో తాను ఒంటరిగా బతకగలడా లేదా అని చూడ్డానికి. బతకగలడని ఆవిడ రాస్తే ఈ రెండు గదుల వాటా, లాండ్రీ ఉద్యోగం అతనికి మిగులుతాయి, పొద్దున్నే ఒకసారి వచ్చి చూసి వెళ్ళడానికి ఒక మనిషిని ఇస్తారు. బతకలేడని రాస్తే ఊరవతల హోముకి పంపిస్తారు. ఆ హోముని అక్క వెళ్ళి చూసింది. ఒకే హాల్లో నలభై మంచాలు, రాత్రీ పగలూ వెలిగే ట్యూబులైట్లు, గంటగంటకీ గణగణమని కొట్టే గంట. చూసొచ్చి రెండురోజులు ముద్ద ముట్టలేదు. మంగళవారాలు మొదలైంది ఆ వారమే.

అధికారిణి రాక కోసం ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. తమ్ముడికున్నది ఆటిజమని ఒక డాక్టరు చెప్పేనాటికే అతనికి నలభై ఒకటి. అప్పటిదాకా ఊరు పెట్టిన పేర్లు మొద్దు, పొగరుబోతు, పిచ్చోడు. పేరు తెలిసింది కదా, ఇక దారీ తెలుస్తుందనుకుని ఆఫీసుకి వెళితే, పథకాలన్నీ పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకేనన్నాడు గుమాస్తా. "పద్దెనిమిదో పుట్టినరోజునాడు ఇది తగ్గిపోతుందా బాబూ?" అని అడిగిందామె. గుమాస్తా వరసలో తరవాతివాళ్ళని పిలిచాడు.

అప్పట్నుంచి పేపరు కత్తిరింపులు పోగెయ్యడం మొదలుపెట్టింది. ఏదో దేశంలో ఒక మనిషి పొద్దున్నే వచ్చి రెండుసార్లు తలుపు తట్టి, లేచావా, బాగున్నావా అని అడిగి వెళ్తాడట. ఇంకో దేశంలో ఇలాంటివాళ్ళ కోసం దుకాణాల్లో వారానికో పూట దీపాలు తగ్గించి, పాటలు ఆపేస్తారట. మరో దేశంలో ఏమీ లేదు, కానీ అక్కడా ఒక అక్క ఉంది, నా తరవాత వీడికెవరని పేపరుకి ఉత్తరం రాసింది. ఆ కత్తిరింపు మడతలు చిరిగిపోతే గుడ్డ అతికించి మరీ దాచుకుంది. వీటిని జతచేసి ఆఫీసుకి నలభై ఉత్తరాలు రాసింది. నలభై ఒకటో దానికి జవాబొచ్చింది.

నిన్న రాత్రి నిద్రకి ముందు అతన్ని పిలిచి చెప్పింది. "రేపు ఇల్లు కూలిపోయినా సరే, నీ పని నువ్వు చేసుకుపోవాలి చిన్నోడా. ఆవిడ చూడాలి. చూస్తే ఒప్పుకుంటుంది."

ఇల్లు కూలిపోతే వంటిల్లు ఉండదు కదా, పని ఎక్కడ చెయ్యాలని అడిగాడతను. అక్క నవ్వి, ఆ నవ్వు మధ్యలో ఛాతీ పట్టుకుని, వెళ్ళి పడుకోమంది.

అయిదు, ఆరు, ఏడు కార్డులు తిప్పి, గ్యాసు చూసి, తాళం వేసి బయల్దేరాడు. బస్సులో డ్రైవరు వెనక మూడో సీటు, కిటికీ వైపు. పక్కన కూర్చున్నావిడ అతను వేళ్ళు నొక్కుకోవడం చూసి సంచీ దగ్గరికి లాక్కుంది. అది రోజూ ఎవరో ఒకరు చేసేదే.

అతను పని చేసేది పెద్దాసుపత్రి లాండ్రీలో. నేలకింది అంతస్తు. ఉతికి ఆరిన దుప్పట్లు ట్రాలీల్లో కొండలా వస్తాయి, వాటిని మడతపెట్టాలి. ఇరవైరెండేళ్ళుగా అదే పని. మూల మీద మూల, అంచు మీద అంచు, అరచేత్తో ఒక్క రాపు. అతను మడిచిన దొంతరకి స్కేలు పెట్టి చూసినా వంకర దొరకదు.

లాండ్రీకి వెళ్ళే నడవాలో గోడకి ఒక ఫోటో ఉంది. కిందటేడు ఆసుపత్రివాళ్ళు ఆటిజం అవగాహన దినం ఘనంగా జరిపినప్పటిది. వేదిక, నీలం బెలూన్లు, మైకు, పెద్ద డాక్టర్లు, మధ్యలో పూలదండ వేలాడదీసిన ఖాళీ కుర్చీ. కుర్చీ అతనిదే. "మన ప్రత్యేక ఉద్యోగి" అని మైకులో పేరు పిలిచి మూడొందలమంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టేసరికి అతను లేచి పరిగెత్తి, లాండ్రీలో బల్ల కిందికి దూరి తలనిండా దుప్పటి కప్పుకున్నాడు. మూడు గంటలు బయటికి రాలేదు. అతని మీద పెట్టిన సభ అతను లేకుండానే దివ్యంగా జరిగిపోయింది. ఫోటోకి మాత్రం అద్దం కట్టించారు.

లాండ్రీ మేస్త్రీ ఆ సభకి వెళ్ళలేదు. ఆయన చేసిందల్లా బల్ల పైనున్న జుమ్మనే ట్యూబులైటు పీకేసి మామూలు బల్బు పెట్టించడం, అతనితో మాట్లాడేముందు బల్ల మీద రెండుసార్లు వేళ్ళతో తట్టడం. దాన్ని ఎవరూ ఫోటో తియ్యలేదు.

ఈవేళా తట్టాడు. "ఏం చిన్నోడా, సాయంత్రం మీ ఇంటికి ఆఫీసరమ్మ వస్తోందటగా. అక్క ఎలా ఉంది?"

"అక్క లేదు. మంగళవారం."

"అవునవును, మర్చిపోయా." మేస్త్రీకి ఈ మంగళవారాల సంగతి తెలుసు. వాళ్ళింటి ఫోన్ పక్కన పెట్టుకోమని తన నంబరు రాసి ఇచ్చింది కూడా ఆయనే. "ఈసారైనా బిస్కట్లు మానేసిందా?"

"మానేసింది. ఈవేళ చాలా బాగా చేస్తోంది" అన్నాడు చిన్నోడు, మేస్త్రీ చెవి పక్కకి చూస్తూ. "కదల్లేదు. ఏమీ వినబడలేదు."

మేస్త్రీ నవ్వి భుజం తట్టబోయి, అతనికి ముట్టుకుంటే పడదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ట్రాలీ వచ్చింది, ఆయన అటు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి ఒక దుప్పటి మూల తప్పింది. విప్పి మళ్ళీ మడిచాడు. మళ్ళీ తప్పింది. అతనికి దుఃఖం మొహంలోకి రాదు, చేతుల్లోకి వస్తుంది. వాళ్ళమ్మ పోయినప్పుడూ అంతే, చుట్టాలందరూ వీడికి చీమ కుట్టినట్టయినా లేదని చెవులు కొరుక్కుంటుంటే, వణుకుతున్న అతని చేతుల్ని అక్క ఒక్కతే తన కొంగులో చుట్టి పట్టుకుంది. ఇప్పుడు పట్టుకునేవాళ్ళు లేరు. రెండు చేతుల్నీ వెచ్చటి దొంతరలోకి దూర్చి, వణుకు తగ్గేదాకా అలాగే నిలబడ్డాడు. తరవాత మిగిలిన డెబ్భై దుప్పట్లూ మడిచి, నాలుగింటికి హాజరు కార్డు గుద్ది ఇంటికి బయల్దేరాడు.

తాళం తీసేసరికి ఇల్లు అలాగే ఉంది. దీపం వెలుగుతోంది. శాలువా అంచు పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక ఈగ, మోచేతి మీంచి కిందికి నడిచి, మళ్ళీ పైకి నడిచింది. మోచెయ్యి కదల్లేదు. చిన్నోడు వంటింట్లోకి వెళ్ళి ఎనిమిదో కార్డు తిప్పాడు.

సరిగ్గా అయిదింటికి అధికారిణి వచ్చింది. లావుపాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతోంది, ఎవరూ చూడట్లేదనుకుని చెప్పులోంచి మడమ బయటికి తీసి నేలకి ఆనించింది. అక్క రాసిన ఉత్తరం ఫైల్లో పైనే ఉంది. మంగళవారమే రండి, నేను కుర్చీలో ఉంటాను గానీ లేననుకోండి, నన్ను పలకరిస్తే వాడికి దారి తప్పుతుంది, అలారం మోగాక సంతకం పెడతాను అని. అధికారిణి ఆ మాట మీద నిలబడింది. గుమ్మంలోంచే కుర్చీ వీపుకి గౌరవంగా తల వంచి, దానికి వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చుంది. గొంతు కూడా తగ్గించి మాట్లాడింది, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

నలభై నిమిషాలపాటు అడిగింది. గ్యాసు ఎలా కడతారు, మందులెక్కడున్నాయి, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు. అతను చెప్పక్కర్లేకుండా అన్నీ చేసి చూపించాడు. కూర తరిగాడు, సూప్ కాచాడు, గ్యాసు కట్టాడు. బస్సు రాకపోతే ఏం చేస్తారంటే, ఇంకో బస్సుకి పదిహేను నిమిషాలు ఆగుతానని, అదీ రాకపోతే నాలుగువేల రెండువందల అడుగులు నడుస్తానని చెప్పాడు. ఆవిడ టిక్కులు పెట్టుకుంటూ పోయింది. ఆవిడ ఊపిరి బరువుగా వినిపిస్తోంది. దాంతో కలిపి ఇంట్లో శబ్దాలు తొమ్మిదయ్యాయి. కానీ ఈ తొమ్మిదోది ఆ తొమ్మిదోది కాదు.

"చాలా బాగా చేసుకుంటున్నారండీ" అంది చివరికి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఇంత బాగా మా ఇంట్లోనే జరగదు." తరవాత వెనక్కి తిరక్కుండానే కాస్త గొంతు పెంచి, "విన్నారామ్మా?" అంది కుర్చీకి వినబడేలా. ఏ మాత్రం అలికిడి లేదు. నియమం అంత గట్టిగా పాటిస్తోందని ఆవిడ మెచ్చుకోలుగా తలాడించి, ఫారంలో ఖాళీగా ఉన్న పెట్టె దగ్గర వేలుంచి కూర్చుంది. సంరక్షకుల సంతకం అని ఉంది అక్కడ.

ఆరయింది. అలారం మోగింది.

అది మోగి మోగి దానంతటదే ఆగిపోయింది. చిన్నోడు వంటింటి గుమ్మం దగ్గర కార్డుల పక్కన నిలబడి ఉన్నాడు. అధికారిణి చిరునవ్వుతో కుర్చీ వైపు తిరిగింది. "ఇక మాట్లాడొచ్చు కదమ్మా" అంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆవిడ లేచి, కుర్చీ చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళింది. వెళ్ళినావిడ అక్కడే ఆగిపోయింది. ఈగ లేచి దీపం మీద వాలింది.

చిన్నోడు పద్నాలుగో కార్డు తిప్పాడు. దాని కింద పదిహేనోది ఉంది. ఆరింటికి అక్క పలకకపోతేనే దాన్ని చదవాలి. ఏడాదిన్నరగా ఆమె పలుకుతూనే ఉంది, చదివే పని పడలేదు. ఇప్పుడు పైకి చదివాడు, ఒక్కొక్క అక్షరం మీదా ఆగుతూ.

"చిన్నోడా, నేను పలకలేదంటే ఇక పలకను. భయపడకు. మేస్త్రీకి ఫోన్ చెయ్యి. ఇకనుంచి అన్నీ మంగళవారాలే. నీకు వచ్చు."

అధికారిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"పొద్దున. టీ పెట్టేటప్పుడు. ఎనిమిదే వినబడ్డాయి."

"మరి రోజంతా ఎవరికీ చెప్పలేదేమండీ?"

"మీరు చూడాలంది అక్క." అతని చేతులు మళ్ళీ వణుకుతున్నాయి. "నాలుగో కార్డు చెయ్యలేదు. మిగతావన్నీ చేశాను. రాసుకోండి."

ఆవిడ కుర్చీ పక్కనే నేల మీద కూలబడి ఏడ్చింది. చిన్నోడు వెళ్ళి మేస్త్రీకి ఫోన్ చేశాడు. అల్మరాలో బోర్లించిన రెండో గ్లాసు తీసి, కడిగి, ఆవిడకి నీళ్ళిచ్చాడు. ఇంటికొచ్చినవాళ్ళకి ఒంట్లో బాగోకపోతే నీళ్ళివ్వాలని పన్నెండో కార్డులో ఉంది.

మేస్త్రీ వచ్చాడు, డాక్టరు వచ్చాడు. నిన్న అర్ధరాత్రి ప్రాంతంలో పోయి ఉంటుందన్నాడు డాక్టరు. ఆమె వేళ్ళలోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టారు, ఒళ్ళోంచి చొక్కా తీసి కుర్చీ చేతి మీద వేశారు. బతికున్నన్నాళ్ళూ ఎవరికీ బరువు కాని మనిషిని కింద ఆగిన ఆసుపత్రి బండి దాకా ఇద్దరే తేలిగ్గా మోసుకుని మెట్లు దిగారు. చిన్నోడు మెట్ల దగ్గరదాకా వెళ్ళి, అక్క మొహం మొదటిసారి నేరుగా చూశాడు. ఆరు దాటింది కాబట్టి చూడొచ్చు.

అధికారిణి వెళ్ళబోతూ ఫారం అతని ముందు పెట్టింది. సంరక్షకుల సంతకమన్న చోట వేలు చూపించి, "మీరే పెట్టండి" అంది. పెట్టాడు. మూల మీద మూల వేసినట్టు, పెట్టె అంచులు దాటకుండా.

తెల్లారింది. బుధవారం. చిన్నోడు కార్డులన్నీ మళ్ళీ వరస పెట్టి, మొదటిది తిప్పాడు, రెండోది తిప్పి ఒక్క గ్లాసు నీళ్ళు కొలిచాడు. శబ్దాలు ఎనిమిది. రొట్టె తిని లేస్తుంటే తలుపు మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. "లేచావా చిన్నోడా?" మేస్త్రీ గొంతు. లేచానన్నాడు. తయారయ్యి రా, అక్కని సాగనంపడానికి వెళ్దాం, కింద ఉంటానని ఆయన మెట్లు దిగాడు.

నాలుగో కార్డు తిప్పాడు. చొక్కా వేసుకో.

కుర్చీ దగ్గరికి వెళ్ళి చొక్కా చేతిలోకి తీసుకుని మెడ పట్టీ తిప్పి చూశాడు. బల్ల మీద కత్తెర ఉంది. దాన్ని ఎలా పట్టుకోవాలో, ఏ కుట్టుతో మొదలుపెట్టాలో పదిహేను కార్డుల్లో ఎక్కడా లేదు. అన్నీ నేర్పిన మనిషి ఇదొక్కటి నేర్పలేదు. ఇది తన పనేననుకుంది కాబోలు. చొక్కాని మూల మీద మూల వేసి మడిచి, ఉన్నచోటే పెట్టి, పాతది తొడుక్కుని మెట్లు దిగాడు.

కుర్చీ చేతి మీద లేత నీలం చొక్కా, మెడ దగ్గర సగం ఊడిన లేబులు, అది వేలాడుతున్న నాలుగు కుట్లు.